వాద్యం కొనేముందు అడగవలసిన ఒక్క ప్రశ్న

లినక్సు కంప్యూటరు మీద సంగీతం కూర్చుకోవాలనుకునే వారికి తరచు వినిపించే సలహా ఒకటుంది: "మీ కీబోర్డు దానితో పనిచేయదు, ఆ ఆశ వదులుకోండి" అని. ఈ మాటతో నేను ఏకీభవించలేను. ఒక వాద్యం ఎన్నేళ్ళు ఉపయోగపడుతుందన్నది అది ఏ భాషలో మాట్లాడుతుందన్న దానిమీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

ఆ భాష పేరు మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ, రోలాండ్ వారి జూపిటర్-6నూ ఒక తీగతో కలిపారు. రెండు పోటీ సంస్థల వాద్యాలు ఒకదాని మాట ఒకటి విన్నాయి. ఆ తీగలో ప్రవహించేది నాదం కాదు. ఏ మెట్టు నొక్కారో, ఎంత బలంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో తెలిపే కబురు. మెట్టు నొక్కిన కబురు మూడు బైట్లు. సెకనుకు 31,250 బిట్ల వేగంతో అది ఒక మిల్లీసెకను లోపే చేరుతుంది. ఈ భాష వాడుకున్నందుకు ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు. ఆనాటి వాద్యాలు నేటి యంత్రాలతో మాట్లాడగలగడానికి కారణం అదే.

1999లో ఇదే భాషను యూఎస్‌బీ తీగ మీద పంపేందుకు ఉమ్మడి నియమాలు ఏర్పడ్డాయి. వాటిని పాటించే పరికరాలను 'క్లాస్ కంప్లయంట్' అంటారు. లినక్సులో శబ్ద వ్యవహారాలు చూసే ఆల్సా వీటిని తగిలించగానే గుర్తిస్తుంది, వేరే డ్రైవరుతో పనిలేదు. అయితే గుర్తించినంత మాత్రాన పాట పలకదు. కీబోర్డు నుండి వచ్చే కబురు ఏ సింథసైజరుకు చేరాలో చాలాసార్లు మనమే కలపాలి. కొత్తవారు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. రెండో చిక్కు ఆలస్యం. నింద మిడి మీద పడుతుంది గాని, దోషం సాధారణంగా ఆడియో బఫరుది. 48,000 నమూనాల వేగం వద్ద 1024 ఫ్రేముల బఫరు 21 మిల్లీసెకన్లు ఆపుతుంది. 128కి తగ్గిస్తే అది మూడు మిల్లీసెకన్ల లోపే.

మరి నిజంగా పనిచేయనివి ఏవి? తయారీదారు సొంత డ్రైవరు లేనిదే నోరు విప్పనివి. వాటిని కొన్నవారి కష్టం లినక్సుకే పరిమితం కాదు. కొత్త విండోసుకు డ్రైవరు రాయడం ఆ సంస్థ మానుకున్ననాడు, ఏ లోపమూ లేని పరికరం అటకెక్కుతుంది. నాకు తెలిసిన ఒక సంగీతం మాష్టారు నెలల తరబడి కూడబెట్టి కొన్న మిడి పెట్టెకు ఆ గతే పట్టింది. అలాంటి కొన్ని పాత పరికరాలకు లినక్సు ప్రోగ్రామర్లే తిరిగి ఊపిరి పోశారన్నది గమనించదగ్గ విషయం.

అలాగని లినక్సును ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. కీబోర్డు ఫర్మ్‌వేరును మార్చే ప్రోగ్రాములను చాలా సంస్థలు విండోస్, మాక్‌లకే ఇస్తాయి. చవక యూఎస్‌బీ-మిడి తీగలు కొన్ని పొడవైన సందేశాలను మధ్యలోనే మింగేస్తాయి. ఈ ఇబ్బందులు నిజమే. కానీ వాటి భయంతో మొత్తం ప్రయత్నాన్నే మానుకోమనడం న్యాయం కాదు.

మధ్యతరగతి ఇంట్లో కీబోర్డు కొనడం చిన్న ఖర్చు కాదు. పిల్లల సంగీత పాఠాలు దానిమీదే సాగాలి, అదే పదేళ్ళు నిలవాలి. అందుకని మెట్ల సంఖ్య, మెరిసే తెర చూసే ముందు "ఇది క్లాస్ కంప్లయంటేనా?" అని అడగండి. అంగడిలో ఆ మాట తెలియకపోతే, డ్రైవరు లేకుండా ఐప్యాడుతో పనిచేస్తుందా అని అడగండి. అవునంటే లినక్సుతోనూ పనిచేసే అవకాశం చాలా ఎక్కువ. వెనుకవైపు అయిదు సూదుల గుండ్రని మిడి రంధ్రాలు కూడా ఉంటే ఇంకా మేలు. యూఎస్‌బీ భాగం పాడైనా, ఆ దారి తెరిచే ఉంటుంది.