భూకంపము - మన కర్తవ్యము

2024 డిసెంబరు 4వ తేదీ యుదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున భూమి కంపించెను. దాని పరిమాణము 5.3. ఓరుగల్లు, హైదరాబాదు, విజయవాడలలో జనులు భయభ్రాంతులై వీథులలోనికి వచ్చిరి. ప్రాణనష్టము కలుగకపోవుట మన యదృష్టము. కాని యదృష్టమునే రక్షణోపాయమని భ్రమించుట వివేకము కాదు. గోదావరి లోయ భూగర్భమున ప్రాచీనమైన చీలిక గలదు. 1969 ఏప్రిలులో భద్రాచల ప్రాంతమును 5.7 పరిమాణముగల భూకంపము కదలించెను.

దక్కను పీఠభూమి నిశ్చలమైనదను నమ్మకము 1993 సెప్టెంబరు 30న కిల్లారియందు కూలిపోయినది. ఆనాటి పటములో ఆ ప్రాంతము అత్యల్పాపాయ మండలమున నుండెను. అయినను సుమారు పదివేలమంది మరణించిరి. వారిలో పెక్కండ్రను బలిగొన్నవి మట్టితో పేర్చిన రాతిగోడలు, వానిపై మోపిన బరువైన మట్టికప్పులు.

ఇటలీ దేశపు కొండయూళ్ల చరిత్రయు నిదే చాటుచున్నది. 2016 ఆగస్టు 24న 6.2 పరిమాణముగల భూకంపము అమాత్రీచె పట్టణమును నేలమట్టము గావించెను. ఆ ప్రాంతమున మృతులు దాదాపు మూడువందలు. సమీపమందలి నోర్చాలో నొక్కరును మరణింపలేదు. 1979 నాటి భూకంపము పిమ్మట నోర్చావాసులు తమ గృహములను బలపరచుకొనియుండిరి. భూకంప మొక్కటియే, ఫలితములు రెండు.

మెట్టు రామలింగేశ్వరుని గుట్ట నీడనున్న మడికొండవాసులు దీనిని తమకు చెప్పిన మాటగా గ్రహింపవలయును. గట్టి శిలపై నిలిచిన యింటికన్న పూడ్చిన చెరువుమన్నుపై కట్టిన యిల్లు అధికముగా నూగును. కావున స్థలనిర్ణయమే ప్రథమరక్ష. ద్వారబంధముల పైభాగమున ఇంటిచుట్టును ఎడతెగని కాంక్రీటు పట్టీ, మూలలయందు ఇనుపచువ్వలు, రాతిగోడకు మందమంతయు పట్టు పొడవురాళ్లు ఉండవలయును. వ్యయమధికమని కొందరందురు. క్రొత్తయింటికి ఇది మొత్తము వ్యయములో స్వల్పభాగమే. కూలినయింటికి వెల కట్టగలవారెవరు?

1213 నాటి రామప్పగుడి శిఖరమునకు కాకతీయ శిల్పులు నీటిపై తేలునంత తేలికయైన యిటుకలు వాడిరి. పైబరువు తగ్గింపవలయునను నెఱుక వారికి గలదు. వారి వారసులమని గర్వించు మనము ఆ యెఱుకను విడనాడుట తగదు. నగరపాలక సంస్థ మొదట పాఠశాలలను, వైద్యశాలలను, జీర్ణగృహములను పరీక్షింపించవలయును. తాపీపనివారికి శిక్షణ మొసగవలయును. భూకంపము ముందుగా కబురంపి రాదు. 2024లో వచ్చినదానినే కబురుగా నెంచి ప్రజలును పాలకులును మేల్కొందురుగాక యని మేము కోరుచున్నాము.