పాయింట్లు అప్రైజల్‌లోకి రాకూడదు

మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో చాలా టీములకు రెండు వారాలకో స్ప్రింట్, అంటే ఒక విడత పని, ముగుస్తుంది. ఆ రోజు మీటింగులో స్క్రీన్ మీదికి ముందుగా వచ్చే అంకె వెలాసిటీ. ఒక్కో పని ఎంత పెద్దదో అంచనా వేసి టీము ఇచ్చుకునే అంకెలు పాయింట్లు; స్ప్రింట్‌లో పూర్తయిన పనుల పాయింట్ల మొత్తమే వెలాసిటీ. పోయినసారి 34 పాయింట్లు చేశారు, ఈసారి 29కి ఎందుకు పడిపోయింది? పక్క టీమ్ 50 చేస్తోంది కదా? ఈ ప్రశ్నలు అడగకూడదని నా గట్టి అభిప్రాయం.

పాయింట్లు ఎలా వచ్చాయో చూస్తే కారణం తెలుస్తుంది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి తొలి రోజుల్లో ఎస్టిమేట్ రోజుల్లోనే వేసేవారు. ఏ అడ్డంకీ లేకుండా కూర్చుంటే ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ లెక్క. మీటింగులూ ఫోన్లూ కలిసి ఒక రోజు పనికి నిజంగా మూడు రోజులు పట్టేది. ఒక రోజు పనికి మూడు రోజులేమిటని పై వాళ్లు నిలదీస్తుంటే, రోజులనడం మానేసి పాయింట్లు అన్నారు. ఈ సంగతి చెప్పిన రాన్ జెఫ్రీస్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌కు ఆద్యుల్లో ఒకరు. పాయింట్లు కనిపెట్టింది బహుశా తానేననీ, అందుకు విచారిస్తున్నాననీ తర్వాత ఆయనే రాశారు. స్ప్రింట్లతో నడిచే స్క్రమ్ పద్ధతిని వివరించే 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో అయితే స్టోరీ పాయింట్లు, వెలాసిటీ అన్న మాటలే లేవు.

అలాగని పాయింట్లు పనికిరావని నేననను. వాటి విలువంతా ప్లానింగ్ పోకర్‌లో ఉంది. 2002లో జేమ్స్ గ్రెనింగ్ చెప్పిన పద్ధతి ఇది. ఒక పనికి ఎన్ని పాయింట్లో అందరూ తమ అంచనా అంకె ఉన్న కార్డు బోర్లా పెట్టి, ఒక్కసారే తిప్పుతారు. బ్యాంకు యాప్‌లో కస్టమర్ తన ఫోన్ నంబరు మార్చుకునే వీలు కల్పించాలనుకుందాం. నలుగురు డెవలపర్లు 3 చూపించారు. కొత్తగా చేరిన టెస్టరమ్మాయి 13 చూపించింది. ఎందుకని అడిగితే, 'ఓటీపీ పాత నంబరుకు పంపాలా, కొత్తదానికా సర్? పాత సిమ్ పోయినవాళ్ల సంగతేంటి? జాయింట్ అకౌంట్ ఉంటే?' అంది. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ పనిని రెండు ముక్కలు చేసి, సిమ్ పోయినవాళ్ల సంగతి బ్యాంకు వాళ్లను అడిగాకే మొదలుపెడదామనుకున్నారు. నెల తర్వాత కస్టమర్ల ఫిర్యాదుల్లో బయటపడాల్సిన లోపం పది నిమిషాల్లో తేలింది.

మన దగ్గర సీనియర్ నోరు విప్పాక జూనియర్ వేరే మాట చెప్పడం కష్టం. కార్డులు ఒకేసారి తిప్పమనడం అందుకే మనకు మరీ అవసరం. చాలాచోట్ల మాత్రం లీడ్ ముందే 'ఇది ఐదు కదా' అంటాడు, అందరూ ఐదంటారు.

వెలాసిటీని అప్రైజల్‌కు ముడిపెడితే మిగిలిన కాస్తా పోతుంది. నిన్నటిదాకా 3 అన్న పని 5 అవుతుంది, 5 అన్నది 8 అవుతుంది. ఎవరూ అబద్ధమాడాలనుకోరు, జీతం పెరగాలి కనుక చేయి అటే పోతుంది. అంకె పెరుగుతుంది, కస్టమర్‌కు అందేది పెరగదు. తరవాతి స్ప్రింట్‌లో ఎంత పని తీసుకోవాలో చెప్పే ఆ ఒక్క ఆధారమూ టీముకు పనికిరాకుండా పోతుంది. రెండు టీములను పోల్చడమైతే అర్థం లేనిది. వీళ్ల 5కూ వాళ్ల 5కూ సంబంధమే లేదు.

మేనేజర్లు వెలాసిటీని టీము దగ్గరే వదిలేయాలి. స్ప్రింట్ చివర రెండే అడగాలి: ఈ రెండు వారాల్లో వాడేవాళ్ల చేతికి ఏం చేరింది? ఏ పని ఎవరి అనుమతి కోసం ఆగి ఉంది? రెండో దానికి జవాబు చాలాసార్లు మేనేజర్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది.