పెట్టె మారినా.. ఆట ఆగలేదు!

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. లోపల ఏసీ. మానిటర్ల మీద బట్ట కవర్లు. తొంభయ్యో దశకంలో కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కలైనా, మంచిర్యాలలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా కంప్యూటర్ సెంటర్ అంటే అదో చిన్న గుడి. నేర్పేది డాస్, వర్డ్‌స్టార్, డీబేస్. పిల్లలు నేర్చుకుంది వేరు. సారు భోజనానికి లేవడమే ఆలస్యం, నల్లటి తెర మీద ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొట్టి ఎంటర్ నొక్కడం! మెగాహిట్ అంటే ఆట గొప్పదని కాదు, దొంగదారి. అలా మొదలుపెడితే చీట్ మీటలు పనిచేసేవి. 60 నిమిషాల్లో 12 లెవెళ్లు దాటి రాకుమారిని విడిపించాలి. అప్పట్లో నిజాయతీగా గెలిచినవాళ్లు ఎందరుంటారో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఆ ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఫైలునే తెచ్చి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేసి చూడండి. ఈ యాప్ మీ పీసీలో నడవదని ఓ ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఫైలు చెడిపోలేదు. ఒక్క అక్షరం కూడా పోలేదు. అయినా నడవదు!

పులి-మేక ఆటకు ఈ బాధ లేదు. బండ మీద సుద్దముక్కతో గీతలు గీసి, గులకరాళ్లు తెచ్చుకుంటే చాలు. తాత ఆడిన ఆట మనవడూ ఆడతాడు. కంప్యూటర్ ఆట అలా కాదు. దానికి తను పుట్టినప్పటి ప్రాసెసర్ కావాలి, సౌండ్ కార్డు కావాలి, అన్నిటికీ మించి ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. డాస్ రోజుల్లో ఆట నేరుగా మెషీన్‌తోనే మాట్లాడేది. ఎమ్మార్వో గదిలోకి తిన్నగా వెళ్లి సంతకం పెట్టించుకున్నట్టన్నమాట. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఇళ్లలోనూ ఆ తలుపు మూసుకుంది. ఏ పనైనా కౌంటర్లోనే ఇవ్వాలంది విండోస్. ఆ తర్వాత 64 బిట్ల విండోస్ వచ్చి, డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములను అసలు గడపే తొక్కనివ్వలేదు. ఆపిల్ వాళ్లదీ అదే దారి. 2019లో కాటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాములకు సెలవిచ్చేశారు.

పోనీ, అసలు సొంతదారు తలుచుకుంటే బతికించలేడా? విండోస్‌తో పాటే వచ్చిన పిన్‌బాల్ గుర్తుందిగా? ‘స్పేస్ క్యాడెట్’. ఆఫీసుల్లో పనిగంటల్ని మింగేసిన ఆట! ఎక్స్‌పీ దాకా ఉండి, 2007లో విస్టా వచ్చేసరికి మాయమైంది. ఎందుకో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2012లో చెప్పాడు. 64 బిట్లకు మార్చి చూస్తే, బంతి దేనికీ తగలకుండా దూసుకుని కిందికి జారిపోయిందట. లోపం ఎక్కడుందో పట్టుకుందామంటే ఆ కోడ్ రాసింది బయటి కంపెనీ. ఏ వరుస ఎందుకు రాశారో చెప్పే వివరణలూ దాదాపు లేవు. చివరికి ఆటనే తీసేశారు. అంత పెద్ద కంపెనీ, సొంత విండోస్, చేతిలో కోడ్. అయినా చేతులెత్తేసింది! మరి 2021లో ఏమైందంటే, మైక్రోసాఫ్ట్‌తో సంబంధం లేని ఓ ప్రోగ్రామర్ పాత ఫైలునే పొరపొరగా విప్పి, కోడ్‌ను తిరిగి కట్టాడు. ఇప్పుడది లైనక్స్‌లో ఆడుతోంది, మ్యాక్‌లో ఆడుతోంది, ఫోన్లలోనూ ఆడుతోంది. బంతి బుద్ధిగా ఫ్లిప్పర్‌కు తగులుతోంది.

ఇలా ఒక్కో ఆటనూ విప్పి కట్టడం ఎంతమందికి సాధ్యం? దానికన్నా తేలికైన ఉపాయం డాస్‌బాక్స్. నెదర్లాండ్స్ కుర్రాళ్లిద్దరు మొదలుపెట్టిన ఈ ఉచిత ప్రోగ్రామ్ 2002లో వచ్చింది. ఇది ఆటను ముట్టుకోదు. కొత్త కంప్యూటర్‌లో తనే పాత కంప్యూటర్‌గా పగటివేషం కడుతుంది. ఇదిగో సౌండ్ బ్లాస్టర్ కార్డు, ఇదిగో డాస్ అంటుంది. ఆట నమ్మేస్తుంది! కింద ఉన్నది విండోసా, లైనక్సా, మ్యాకా అన్నది దానికి అక్కర్లేదు. పాత ఆటల్ని చట్టబద్ధంగా అమ్మడానికి 2008లో మొదలైన గాగ్ అనే సంస్థ కూడా ఎన్నో డాస్ ఆటల్ని ఈ డాస్‌బాక్స్‌లోనే చుట్టి ఇస్తోంది. అభిమానులు ఊరికే చేసిపెట్టిన పని మీద వ్యాపారం నడుస్తోందన్నమాట. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇంకో అడుగు ముందుకేసి, దాదాపు 2,400 డాస్ ఆటల్ని బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టింది.

మళ్లీ ప్రిన్స్ దగ్గరికొద్దాం. దాని కథ ఆటకన్నా బాగుంటుంది. జోర్డాన్ మెక్‌నర్ అనే అమెరికన్ కుర్రాడు 1985లో తమ్ముడు డేవిడ్‌ను పరిగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ కదలికల్నే ఫ్రేము ఫ్రేముగా తెర మీదికి ఎక్కించాడు. ప్రిన్స్ పరుగు అంత సహజంగా ఉండేది అందుకే. సంగీతం కట్టింది వాళ్ల నాన్న. ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన ఆ ఆట 1989లో విడుదలైంది. తర్వాత ఆ మూల కోడ్ ఎక్కడ పెట్టాడో మెక్‌నర్‌కే తెలీలేదు. ఏళ్ల తరబడి వెతికాడు. 2012లో తండ్రి పంపిన పాత సామాను డబ్బాలో ఫ్లాపీలు బయటపడ్డాయి. ఇరవయ్యేళ్లు దాటిన ఫ్లాపీలంటే ఆశ పెట్టుకోవడానికి లేదు. అయస్కాంతపు పూత మెల్లగా బలం తగ్గిపోతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి జేసన్ స్కాట్, పాత ఆపిల్ కంప్యూటర్లు సేకరించే టోనీ డియాజ్ వచ్చి కూర్చుని ఒక్కో డిస్కూ చదివించారు. కోడ్ దొరికింది. మెక్‌నర్ దాన్ని అందరూ చూసేలా నెట్‌లో పెట్టేశాడు.

చిత్రమేమిటంటే, తల్లి ప్రతి తండ్రి ఇంట్లో మూలుగుతున్న ఆ ఏళ్లన్నీ ఆటను కాపాడుకొచ్చింది అనుమతి లేకుండా ఫ్లాపీల్లో ఎక్కించుకున్న జనమే. మన కంప్యూటర్ సెంటర్లూ ఆ లెక్కలోవే. మొదటి లెవెల్ దాటగానే సీసాల గది వచ్చేది. మాన్యువల్లో ఫలానా పేజీ, ఫలానా మాట మొదటి అక్షరం చూసి ఆ సీసా తాగాలి. కొన్నవాడికే మాన్యువల్ ఉంటుంది కాబట్టి అది తాళం. మన దగ్గర మాన్యువల్ ముఖం చూసిందెవరు? గుడ్డిగా ఓ సీసా తాగడమో, ఎవరో తాళం విరగ్గొట్టిన కాపీ సంపాదించడమో! తప్పే. కానీ ఆ తప్పు జరక్కపోతే చాలా ఆటలకు ఇవాళ ఒక్క ప్రతీ మిగిలేది కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

చట్టం మాత్రం ఇంకా పుస్తకాల దగ్గరే ఆగింది. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రాము న్యాయంగా చేతిలో ఉన్నవాడు, అది పాడవకుండా బ్యాకప్ తీసుకోవచ్చు. 2012 సవరణ లాభాపేక్ష లేని గ్రంథాలయాలకు ఓ వెసులుబాటిచ్చింది. భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసుకోవచ్చంది. షరతు ఏమిటంటే, డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయంలో ముందే ఉండాలి! పుట్టుకే డిజిటల్ అయిన ఆటకు అలాంటి ప్రతి ఎక్కడి నుంచి తేవాలి? అమెరికాలోనూ గ్రంథాలయాలు తాము దాచిన పాత ఆటల్ని పరిశోధకులు దూరం నుంచే చూసేలా ఇస్తామని అడిగితే 2024 అక్టోబర్లో కుదరదన్నారు.

ప్రిన్స్‌కు, పిన్‌బాల్‌కు ప్రపంచమంతా దిక్కుంది. దిక్కులేనివి మనవి. తెలుగు అక్షరాలు, పద్యాలు, ఆటలు కలిపి పిల్లల కోసం అమ్మిన సీడీలు ఎన్ని ఇళ్లలో లేవు? ఎక్స్‌పీతో పాటే మూలకు చేరాయవి. అట్ట మీద తెలుగు చదవలేని విదేశీ అభిమాని వాటిని వెతికి పట్టుకోలేడు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నెట్ సెంటర్లు మూసేసినప్పుడు సీపీయూలు కిలోల లెక్కన పాత సామాను వాడి బండెక్కాయి. వాటి హార్డ్ డిస్కుల్లో రోడ్ రాష్, వైస్ సిటీలే కాదు, ఇంకెక్కడా లేనివీ కొన్ని పోయుంటాయి.

మీ అల్మారాలో అలాంటి సీడీ ఉంటే ఫైళ్లను విడివిడిగా కాపీ చేయకండి. మొత్తం డిస్కును ఐఎస్ఓ ఇమేజ్‌గా తీయండి. అట్టకు రెండువైపులా ఫోటో తీయండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకైతే యూఎస్‌బీ డ్రైవ్ దొరుకుతుంది. అయిదుంపావు అంగుళాల పెద్ద ఫ్లాపీకి పాత డ్రైవూ, దాన్ని చదివే ప్రత్యేక బోర్డూ కావాలి. వానాకాలాల్లో తడిసిన గోడవార ఉన్నదైతే ముందు షట్టర్ జరిపి చూడండి. తెల్లగా బూజు మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకుందంటే తర్వాత పెట్టిన మంచి డిస్కూ గీసుకుపోతుంది. ఇక ఫ్లాపీలోంచి ‘డేంజరస్ డేవ్’ క్షేమంగా బయటికొచ్చి, డాస్‌బాక్స్‌లో మరీ పిచ్చిపరుగు పెడుతుంటే కంగారుపడక్కర్లేదు. కంట్రోల్ నొక్కి ఉంచి ఎఫ్11 కొడుతూ పోతే నడక దారికొస్తుంది. మరీ నీరసించాడా, ఎఫ్12!