తలకాయ దొరకని జంతువుకి తల ఎవరు గీశారు?

"ఫొటోషాప్‌లో ఫిల్టర్ ఉండగా చేత్తో చుక్కలు పెట్టుకుంటూ కూర్చోడమేంటి బాబూ, పనిలేదా?" అని నన్ను అడిగేవాళ్ళు దాదాపు అందరూ మన సాఫ్ట్‌వేర్ జనాలే. ఇప్పుడైతే ఇంకో మెట్టెక్కి "ఏఐకి ఒక్క ప్రాంప్ట్ కొడితే డైనోసార్ వచ్చేస్తది గదా" అంటున్నారు. వస్తది, కాదనను. ఏమొస్తది అన్నదే నా గొడవ.

మాది బయ్యారం. ఇనుపరాయి ఉన్న ఊరు, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఎదురుచూసే ఊరు అని పేపర్లలో చదివే ఉంటారు. మా గుట్టలు డైనోసార్ల కంటే చాలా పాతవి, వాటిలో ఎముకలు వెతకడం దండగ. కానీ ఉత్తరంగా గోదావరి దాటి ప్రాణహిత పక్కకి వెళ్తే జురాసిక్ రాళ్ళు మొదలవుతాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జంతువుకి జియలాజికల్ సర్వేకి చెందిన యాదగిరి గారు 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఊరి పేరే! హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టింది దాన్నే. నదికి అవతల సిరొంచ వైపు దొరికింది బరాపాసారస్ టాగోరై, 1975లో పేరు పెట్టారు. బరాపా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాల్లో 1961 వచ్చింది, అది రవీంద్రుడి శతజయంతి, అందుకని టాగోరై.

ఇంత ఘనమైన జంతువులు మన పక్కనే ఉంటే, మా దిక్కు ఒక బడి గోడ మీద మాత్రం టీ-రెక్స్ పళ్ళికిలిస్తోంది. అది ఉత్తర అమెరికాది. కోటసారస్‌కీ దానికీ మధ్య పదికోట్ల ఏళ్ళకి పైనే తేడా.

సరే, అసలు విషయం. కోటసారస్‌వి పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి గానీ, తల దొరకలేదు. రెండు పళ్ళు, అంతే. బరాపాసారస్‌దీ ఇంచుమించు ఇదే కథ. మరి ప్రాంప్ట్ కొట్టినప్పుడు వచ్చిన ఆ కనురెప్పలు, ముక్కు, ముడతలు ఎక్కడివి సార్? ఇంకెవరివో తలకాయలు కలిపి కొట్టి మన జంతువు మెడకి తగిలించినవి. డేటాబేసులో నల్ ఉన్నచోట ఎవడైనా నోటికొచ్చిన విలువ నింపితే కోడ్ రివ్యూలో ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం "వావ్" అని ఫార్వర్డ్ చేస్తాం :)

చుక్కల పని వేరే. ముగ్గులో చుక్కలు గీతకి దారి చూపిస్తాయి, ఇక్కడ చుక్కే బొమ్మ. 0.1 మి.మీ. పెన్ను, నల్ల ఇంకు. బూడిద రంగు అనేది లేదు, నీడ కావాలంటే చుక్కలు దగ్గర పడాలి, వెలుగు కావాలంటే దూరం జరగాలి. పెన్ను నిలువుగా దించి నిలువుగానే ఎత్తాలి, లేకపోతే చుక్కకి తోకొస్తుంది. చెరపడం కుదరదు కాబట్టి పలచగా మొదలుపెట్టి ముదురు చేసుకుంటూ పోవాలి. వెలుతురు పై ఎడమ మూల నుంచి పడ్డట్టు గీయడం సైన్సు బొమ్మల్లో ఆనవాయితీ. ఎముక లేనిచోట? తెగిన గీత ఒకటి గీసి, లోపల ఖాళీగా వదిలేయడమే. ఆ ఖాళీ కూడా సమాచారమే మహాప్రభో!

ఫిల్టర్ సంగతి నాకు తెలీక కాదు. 2002లో సెకార్డ్ రాసిన వొరొనాయ్ స్టిప్లింగ్ పద్ధతి నాకు భలే ఇష్టం, కోడ్ కూడా రాశాను. కానీ దానికి తెలిసింది పిక్సెల్ వెలుగొక్కటే. ఫొటోలో నల్లగా ఉన్నది ఎముకలో పగులా, మ్యూజియం బల్బు నీడా? తెల్లగా ఉన్నది ఎముకా, అతికించిన ప్లాస్టరా? దాని దృష్టిలో అన్నీ ఒకటే. చేత్తో గీసేవాడు ఆ ప్రశ్న తేల్చుకోకుండా ముందుకి పోలేడు. అందుకే ఒక్క తొడ ఎముకకి నాలుగు సాయంత్రాలు పడుతుంది. పట్టనీండి. మనం స్టేటస్ కాల్స్‌లో పోగొట్టేది ఇంతకంటే తక్కువేం కాదు.

బడి గోడలకి బొమ్మలు స్పాన్సర్ చేసే మిత్రులకి ఒకటే మనవి. ఈసారి కోటసారస్ వేయించండి, పక్కన యామన్‌పల్లి అని రాయించండి, తల మాత్రం ఖాళీగా వదిలేయమనండి. పిల్లలు "తలేది సార్?" అని అడుగుతారు. అడగనివ్వండి.