పెరట్లో పాకుడు

వానాకాలం వచ్చిందంటే నాకూ పాకుడుకూ యుద్ధమే. మా ఇంటి వెనక పెరట్లో మామయ్యగారు పరిపించిన తాండూరు బండలు, ముందు కారు పెట్టుకునే చోట మేం నాలుగేళ్ల కిందట వేయించిన సిమెంటు పేవర్లు. ఎండాకాలం రెండూ బుద్ధిగానే ఉంటాయి. శ్రావణం వచ్చేసరికి తులసికోట చుట్టూ పచ్చగా పట్టేస్తుంది.

పోయినేడు సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్లి అత్తయ్యగారు ఆ పాకుడు మీద జారారు. కోట అంచు చేతికి దొరికింది కాబట్టి మణికట్టు బెణుకుతో పోయింది. డెబ్బై ఆరేళ్ల మనిషి. తుంటి విరిగి ఉంటే అన్న ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మావారు యాసిడ్ సీసా తెచ్చారు. నేను చెప్పినట్టే మా పనావిడ బండల మీద పోసింది. బుస్సుమని నురగ! "చూడండమ్మా, మురికి ఎట్ల పొంగుతుందో" అంది. నేనూ సంబరపడ్డాను. అక్కడితో ఆగినా బావుండేది. మూలల్లో ఇంకా పచ్చగానే ఉందని, ఆ తడి మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లమన్నాను. రెండు నిమిషాల్లో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ గోడవారగా కూలబడింది. కళ్లు ఎర్రగా అయిపోయాయి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ పుడుతుందని డిగ్రీలో చదువుకున్నదాన్నే నేను! పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆమెను వీధివైపు గాలికి తీసుకొచ్చి, అటునుంచి అటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. సాయంత్రానికి తేరుకుంది. జీతం కోయకుండా వారం సెలవిచ్చాను. నాది పెద్దమనసు అనుకునేరు, నేను చేసిన దానికి అది ఏ మూలకూ చాలదు.

ఇక బండల సంగతి. ఆరాక చూస్తే నునుపంతా పోయి, పాలిపోయి, చేత్తో రాస్తే గరుగ్గా తగిలాయి. పొంగింది మురికి కాదు, బండే. తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ అన్నీ సున్నపురాయి జాతివే. కావాలంటే సున్నపురాయి పొడి మీద ఒక నిమ్మకాయ చుక్క పిండి చూడండి, అదే పొంగు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ గరుకులో తడి నిలిచి, పాకుడు మళ్లీ తొందరగానే వచ్చేసింది.

ఈ ఏడు మనుషుల్ని పిలుద్దామంటే మావారు "వాకిలి కడగడానికి కూడా కాంట్రాక్టా!" అన్నారు. రోజూ ఊడ్చి కడిగేది నేనూ పనావిడా కాబట్టి ఆయనకది పనిలా కనబడదు, అది వేరే కథ. ఎలాగో ఒప్పించాను. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ముందూ వెనకా కలిపి నాలుగున్నర వేలు అడిగారు. మావారు మూడు వేలకు బేరం పెట్టారు. అందులో పెద్దవాడు తాపీగా అన్నాడు: "అంతకైతే యాసిడ్ పోసి గంటలో వెళ్లిపోతాం సార్. అదే చేయమంటారా?"

నేను లోపల్నుంచే "వద్దు బాబూ, నువ్వడిగినంతే ఇస్తాం" అని అరిచాను.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేశారు. తులసమ్మను ముందు నీళ్లతో తడిపి, పాలిథిన్ కప్పారు. పాకుడును గట్టి బ్రష్షుతో గీకారు. పేవర్ల మీద నీళ్ల మిషన్ గొట్టాన్ని జానెడు దూరం పైనే ఉంచి, ఏటవాలుగా కొట్టారు. పేవర్ల సందుల్లో ఉండే ఇసకే వాటిని కదలకుండా పట్టి ఉంచుతుందట. ధార మరీ దగ్గరగా కొడితే అది ఎగిరిపోతుంది. మా పక్కింటివాళ్లు మిషన్ అద్దెకు తెచ్చి సొంతంగా కొట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ల వాకిట్లో అడుగేస్తే ఇటుకలు టకటకమంటాయి, సందుల నిండా గడ్డి, చీమలు. మా దగ్గర మాత్రం మర్నాడు నేల బాగా ఆరాక మళ్లీ వచ్చి, సన్నటి పొడి ఇసక చీపురుతో సందుల్లోకి తోసి వెళ్లారు.

మనం బేరం ఆడొద్దని నేననను, కూరగాయల దగ్గర నేనూ తక్కువదాన్ని కాదు. కానీ ఈ పనిలో మనం తగ్గించే ప్రతి వందా ఎక్కడో ఒకచోట యాసిడ్ రూపంలో పడుతుంది. బండ మీదో, ఎవరి ఊపిరితిత్తుల్లోనో.

అత్తయ్యగారు వచ్చి కాలి బొటనవేలితో బండను రెండుసార్లు రాసి చూశారు. "మెరుపేం రాలేదే అమ్మాయ్" అన్నారు. జారడం లేదు కదా అంటే, లేదన్నారు. దీపం పెట్టి తిరిగొచ్చారు, గోడ పట్టుకోకుండా.

వచ్చే ఏడు వానలకు ముందే, జ్యేష్ఠంలోనే వాళ్లను రమ్మని చెప్పేశాను. మావారికి ఇంకా చెప్పలేదు.