వరండాను మూసేయకండి, మెష్ వేయించండి



ఆ మధ్య ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ కాంపోజిషన్‌లో 'మా ఇంట్లో నాకు నచ్చిన చోటు' అనే అంశం ఇచ్చాను. టీవీ ఉన్న గది గురించి రాస్తారేమో అనుకున్నాను. చాలామంది మిద్దె గురించీ వరండా గురించీ రాశారు. ఒక అమ్మాయి తమ వరండా గురించి అర పేజీ చక్కగా రాసి, చివర ఒక వాక్యం చేర్చింది: 'ఇప్పుడు నన్ను అక్కడ కూర్చోనివ్వరు.'

ఆ పాపకు వానాకాలంలో డెంగీ వచ్చింది. రెండు వారాలు స్కూలుకు రాలేదు. ఒక యూనిట్ టెస్ట్ పోయింది, మళ్ళీ రాయించాం, అది పెద్ద విషయం కాదు. కానీ అప్పటి భయం ఇంట్లో అలాగే ఉండిపోయింది. స్కూల్ బస్సు దిగి ఇంటికి చేరగానే తలుపులు, కిటికీలు మూసి, కాయిల్ వెలిగించి, పాపను లోపలి గదిలో కూర్చోబెడుతున్నారు. పేరెంట్స్ మీటింగులో వాళ్ళమ్మ గారు, "ఏం చేయమంటారు మేడమ్, వరండాకు అద్దాలు పెట్టించి మొత్తం మూసేద్దామనుకుంటున్నాం" అన్నారు.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించాక చెప్పాలనిపించింది ఇది: వరండాను మూసేయకండి, దోమల మెష్ వేయించండి.

మన ఇళ్ళకు ముందు భాగాన్ని ఊరికే కట్టలేదు. పెద్దవాళ్ళు దాన్ని పంచ అన్నారు, ఇప్పటి మేస్త్రీలు సిటౌట్ అంటున్నారు. పేరు మారినా పని ఒకటే. ఎండాకాలంలో పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాక కూడా లోపలి గదుల్లోకి వేడిని దించుతూనే ఉంటుంది. ఆ వేళ పిల్లలు పుస్తకం పట్టుకుని కూర్చోగలిగే చోటు వరండా ఒక్కటే. అక్కడ అవ్వ చిక్కుళ్ళు ఒలుస్తుంటుంది, వీధిలో పోయేవాళ్ళు పలకరిస్తుంటారు, పిల్లలు వింటుంటారు. మాటలు నేర్చుకునేది అక్కడే. భాష చెప్పే టీచరుగా ఇది నాకు చిన్న విషయం కాదు. అద్దాలు బిగిస్తే వెలుతురు వస్తుంది కానీ గాలి రాదు, పైగా ఎండ వేడి లోపలే చిక్కుకుంటుంది. ఆ గది పిల్లలకు ఎందుకూ పనికిరాదు.

ఇక తలుపులు మూసి కాయిల్ వెలిగించడం గురించి. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్ అనే పత్రికలో 2003లో ఒక పరిశోధన వచ్చింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి, 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానితో సమానమని అందులో తేల్చారు. పిల్లల పక్కన ఎవరైనా ఒక్క సిగరెట్ వెలిగిస్తే మనం ఊరుకోం. కాయిల్‌ను మాత్రం మనమే వాళ్ళ మంచం కింద పెడుతున్నాం.

"మా ఇంట్లో మంచాలకు దోమతెరలున్నాయి కదా" అని కొందరు అంటారు. మంచిదే, వాటిని తీసేయకండి. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. మలేరియా దోమ చీకటి పడ్డాక కుడుతుంది కాబట్టి దానికి మంచం మీది తెర చాలావరకు సరిపోతుంది. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. ఉదయం పిల్లలు స్కూలుకు తయారయ్యే వేళ, సాయంత్రం పొద్దు వాలే వేళ దాని జోరు ఎక్కువ. ఆ రెండు వేళల్లోనూ పిల్లలు మంచం మీద ఉండరు, చాలాసార్లు వరండాలోనే ఉంటారు. కాబట్టి రక్షణ అక్కడికే రావాలి.

ఎలా చేయాలో మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్ళు తీసుకెళ్ళే కుటుంబాలు మీలోనూ ఉన్నాయి. ఊజి ఈగ సంగతి వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన గూళ్ళతో కర్ణాటకలో అడుగుపెట్టి, తర్వాత మన వైపుకూ పాకిన ఈగ అది. పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, అందులోంచి వచ్చిన పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోతుంది. ఇంత నష్టం చేసినా, దానికి భయపడి రైతు షెడ్డు మూసేయడు. మూస్తే ఉక్కకు పురుగులే దెబ్బతింటాయి. అందుకే కిటికీలన్నిటికీ నైలాన్ వల కడతారు. షెడ్డు ముందు ఒక చిన్న గది కట్టి, దానికీ వల తలుపు పెడతారు. మొదటి తలుపు మూసుకున్నాకే రెండో తలుపు తీస్తారు. ఈగ వెంటబడి వచ్చినా ముందు గదిలోనే ఆగిపోతుంది.

మన వరండా సరిగ్గా ఆ ముందు గదే. దానికి మెష్ వేస్తే పిల్లలకు గాలి తగిలే చోటు దక్కుతుంది. వీధి తలుపు తీసిన ప్రతిసారీ దోమలు ఇంట్లోకి దూరడమూ తగ్గుతుంది. పురుగులకు ఇంత జాగ్రత్త చేసే మనం పిల్లలకు చేయలేమా?

పని మొదలుపెట్టే ముందు టేపుతో కొలవండి. వరండా ముందు వైపు 10 అడుగుల వెడల్పు, పిట్టగోడ పైనుంచి స్లాబు దాకా 6 అడుగుల ఎత్తు ఉంటే 60 చదరపు అడుగులు. పక్క వైపు 5 అడుగులుంటే మరో 30. ఈ లెక్క మీ చేతిలో ఉంటే మెష్‌కు ఎంత, ఫ్రేముకు ఎంత, తలుపుకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా అడగవచ్చు.

మెష్‌లో మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. నైలాన్ చవక, కానీ ఎండకు పెళుసవుతుంది, ఎలుకలు కొరుకుతాయి. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, ఇంటి వరండాకు సాధారణంగా సరిపోతుంది, పిల్లి గోళ్ళకు మాత్రం చిరుగుతుంది. కోతులు తిరిగే వీధి అయితే స్టెయిన్‌లెస్ స్టీల్ తప్పదు, ఖర్చు ఎక్కువైనా ఎక్కువ కాలం ఉంటుంది. ఏదైనా సరే, అంగుళానికి ఒకవైపు 18, మరోవైపు 16 కళ్ళు ఉన్నది దోమలకు చాలు. మరీ సన్నని కళ్ళు తీసుకుంటే గాలి తగ్గిపోతుంది. తెల్లరంగు కన్నా నలుపు, బూడిద రంగు మెష్‌లోంచి బయట బాగా కనిపిస్తుంది.

ఫ్రేము విషయంలో నా అనుభవం వినండి. అద్దె ఇల్లు కదా అని మొదట నేను సున్నం గోడకు వెల్క్రో టేపుతో నెట్ అంటించాను. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో ఆషాఢం గాలి వచ్చాక అర్థమైంది. ఒక్క రాత్రిలో నెట్ మొత్తం ఊడి గేటు మీద వేలాడింది. తర్వాత అల్యూమినియం ఫ్రేము చేయించి స్క్రూలతో బిగించాను, ఇల్లు మారితే విప్పి తీసుకెళ్ళవచ్చు. ఇప్పటికే ఇనుప గ్రిల్ ఉన్నవాళ్ళు దాని లోపలి వైపు ఫ్రేము బిగిస్తే సగం పని అయినట్టే.

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరుచుకుంటే మెష్ మీద వాలిన దోమలను మనమే లోపలికి తోసినట్టవుతుంది. దానంతట అదే మూసుకునే స్ప్రింగు, కింద సందుకు బ్రష్ పట్టీ తప్పనిసరి. పని పూర్తయ్యాక రాత్రి లోపల లైటు వేసి, బయట చీకట్లో నిలబడి ఫ్రేము అంచులు చూడండి. ఎక్కడ వెలుగు గీతలా కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే. ఆ తర్వాత నెలకోసారి సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్‌తో దుమ్ము కడగాలి, లేకపోతే గాలి ఆగిపోతుంది. మెష్ దగ్గర దీపాలు, అగరబత్తులు పెట్టకండి.

ఇంత చేసినా లోపల పూలకుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే దోమలను మనమే వల వేసి పెంచినట్టు. డెంగీ దోమకు మంచినీళ్ళే కావాలి. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి బతుకుతాయి, అందుకే డ్రమ్ములను ఒంపేస్తే చాలదు, గోడలు తోమాలి. ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని డ్రై డే అనేది ఇందుకే.

ఫీజు, బస్సు, పుస్తకాలు అయ్యాక చేతిలో మిగిలేది ఎంతో నాకు తెలుసు. ఒకేసారి కుదరకపోతే ఈ ఏడాది వీధి తలుపుకు, పిల్లలు చదువుకునే గది కిటికీకి వేయించండి. వరండా వచ్చే ఏడాది. అద్దాల కోసం దాచిన డబ్బు ఉంటే దాన్ని ఇటు మళ్ళించండి.

పగలు పిల్లలు మా దగ్గర ఉంటారు. కాబట్టి వచ్చే మీటింగులో మా క్లాసుల కిటికీలు, మా నీళ్ళ ట్యాంకుల గురించి మీరూ అడగండి. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో కింద 'గుడ్' అని మాత్రమే రాసి ఇచ్చాను. ఈ నెల వాళ్ళమ్మ గారికి ఈ వ్యాసం ఇస్తాను. పాప మళ్ళీ వరండాలో కూర్చుంటే ఆ చివరి వాక్యాన్ని తనే కొట్టేస్తుంది.