అత్యాశ అనకండి

మోసపోయిన వాళ్ళ గురించి మన పేపర్లలో వార్త వస్తే మొదటి వాక్యంలోనే 'అత్యాశకు పోయి' అని ఉంటుంది. మన కథల్లోనూ ఇంచుమించు అంతే. ఈ మాటతో నాకు పెద్ద పేచీ ఉంది.

మాది పాలకుర్తి. మా చిన్నమ్మ కొడుకు డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉండి, చివరికి ఉప్పల్‌లో బస్సు దిగి, ఒక కంపెనీకి లక్షన్నర కట్టాడు. దాని పేరు వదిలేద్దాం. చిన్నమ్మ పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చిన డబ్బది. అక్కడ వాడికి చెప్పింది బిజినెస్ అని, వాడు ఇంట్లో చెప్పింది ఉద్యోగమని. తేడా తెలియక కాదు. ఉద్యోగం దొరకనివాడు అంత తేడా పట్టించుకోడు. నెలకి ఇరవై వేలు కోరుకోవడం అత్యాశా?

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. అందరూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళు పనిచేసే ఆఫీసుకు క్యూనెట్‌తో సంబంధం ఉందనీ, చేరడానికి లక్షల్లో కట్టారనీ తర్వాత వార్తలొచ్చాయి. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారం ప్రకటించింది. అది నిప్పుకిచ్చిన పరిహారం. వాళ్ళు కట్టిన డబ్బు సంగతి వేరే.

డబ్బు తిరిగొస్తుందా అన్నా అని మావాడు నన్నడిగాడు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, అన్నీ తెలుసనుకున్నాడు. మన దగ్గర కాస్త 'వచ్చిన' కేసు చూద్దాం: అగ్రిగోల్డ్. సుమారు 19 లక్షల మంది దగ్గర 6,380 కోట్లు. 2019లో పదివేల లోపు వాళ్ళకి, 2021లో ఇరవైవేల లోపు వాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. రెండు విడతలూ కలిపితే 905 కోట్ల చిల్లర, మొత్తంలో ఆరో వంతు కూడా కాదు. అదీ బడ్జెట్ డబ్బు. అంటే దోచినవాడి జేబులోంచి కాదు, మన పన్నుల్లోంచి. ఈడీ జప్తు చేసిన 3,339 కోట్ల ఆస్తుల్ని బాధితుల కోసం రాష్ట్ర సీఐడీకి అప్పగించింది 2025 ఫిబ్రవరిలో, కేసు మొదలైన పదేళ్ళకి. అవి కూడా ఎక్కువగా భూములు. అమ్మాలి, ఆ తర్వాత పంచాలి. పదేళ్ళలో చిన్నమ్మ లాంటి వాళ్ళ తాకట్టు వడ్డీ ఎంతవుతుందో లెక్కేసుకోండి.

అయినా అగ్రిగోల్డ్ వాళ్ళు నయం. వాళ్ళ చేతిలో బాండ్లున్నాయి, లక్షల ఓట్లున్నాయి. గొలుసుకట్టులో చిక్కినవాడికి అవీ లేవు. పైగా 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం స్కీమ్ నడపడాన్నే కాదు, అందులో సభ్యుడిగా చేరడాన్ని కూడా నేరమంటుంది. ఫిర్యాదు చెయ్యబోయేవాడు ముందు తన మీద తనే సాక్ష్యం చెప్పుకోవాలి! ఫిర్యాదుతో ముందుకొచ్చినవాడికైనా రక్షణ ఇవ్వకుండా, 'బాధితులు ముందుకు రావాలి' అని పిలుపులివ్వడం ఏం న్యాయం? అందుకే 'అత్యాశ' అందరికీ చాలా సౌకర్యమైన మాట. తప్పు పోగొట్టుకున్నవాడిదే అయ్యాక పోలీసుకి తొందర ఉండదు, చట్టం మార్చాల్సినవాడికీ ఉండదు. వార్త రాసేవాడు ఇంకో ఫోన్ చెయ్యక్కర్లేదు. కథ రాసేవాడికి ముగింపు రెడీగా దొరుకుతుంది.

పోయిన నెల మావాడికి ఫిర్యాదు నేనే టైప్ చేసిచ్చాను. ఎప్పుడు కట్టావు, ఎవరికి కట్టావు, అన్నీ చెప్పాడు. నువ్వెవర్ని చేర్చావు అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు.

"బామ్మర్ది పేరు గూడ రాయాల్నా అన్నా?"

ఆ కాగితం ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.